అమ్మకు థైరాయిడ్ కళ్ల జబ్బు... నాకూ, మా పాపకూ వస్తుందా?

ప్రశ్న: నా వయసు 38. మాది పశ్చిమ గోదావరి జిల్లా. అమ్మకు 61 ఏళ్లు. ఏడాది కిందట గుండెదడ, బరువు తగ్గడం మొదలైతే పరీక్షలు చేసి గ్రేవ్స్ జబ్బు (థైరాయిడ్ అతిగా పనిచేయడం) అన్నారు. థైరాయిడ్‌ను తగ్గించే కార్బిమజోల్ మాత్రలు వాడుతోంది. నాలుగు నెలలుగా రెప్పలు ఉబ్బి, గుడ్లు ముందుకు వచ్చినట్టు అయ్యాయి. పైకి చూస్తే ఒకటి రెండుగా కనిపిస్తోందంటోంది. అక్కకు థైరాయిడ్ తక్కువ, రోజూ మాత్ర వేసుకుంటుంది. తమ్ముడు రోజుకో పెట్టె సిగరెట్లు కాలుస్తాడు. నాకు ప్రస్తుతానికి థైరాయిడ్ పనితీరు చూపే టీఎస్‌హెచ్ రక్తపరీక్ష నార్మల్. మాది మేనరికం, మేనమామ కొడుకునే చేసుకున్నాను. మా పాపకు 14 ఏళ్లు. చెంప లోపల దూదిపుల్లతో నమూనా తీసి పంపితే ఏయే జబ్బులు వస్తాయో చెబుతారట, ఆ జన్యు పరీక్ష చేయించమని మా ఆడపడుచు పోరుతోంది. చేయించాలా? మాకు ఈ కళ్ల జబ్బు రాకుండా ఏమైనా చేయగలమా? అమ్మకు రేడియో అయోడిన్ ఇద్దామంటున్నారు. దాంతో కళ్లు కూడా బాగవుతాయా?

సమాధానం: మీరు చివర అడిగిన దానికే ముందు జవాబు చెప్పాలి. మిగతావాటికి వ్యవధి ఉంది, దానికి లేదు.

రేడియో అయోడిన్ అంటే థైరాయిడ్ కణాలను నశింపజేసే రేడియోధార్మిక మందు. అది థైరాయిడ్ గ్రంథికి వైద్యం, కళ్లకు కాదు. పైగా కళ్లలో వాపు రగులుతున్న రోజుల్లో ఇస్తే కొందరికి కళ్లు ఇంకా పాడవుతాయి. 1998లో ఇటలీ వైద్యులు ప్రచురించిన పరిశోధన ఈ విషయాన్ని స్పష్టంగా చూపింది. రేడియో అయోడిన్ ఒక్కటే తీసుకున్నవారిలో 15 శాతం మందికి కంటి జబ్బు కొత్తగా రావడమో, ఉన్నది ముదరడమో జరిగింది. థైరాయిడ్‌ను తగ్గించే మాత్రలు వాడినవారిలో అది 3 శాతమే. రేడియో అయోడిన్‌తో పాటు స్టెరాయిడ్ మాత్రలు కూడా ఇచ్చినవారిలో ఒక్కరికీ ముదరలేదు. అయితే ఒకటి గమనించాలి. ఆ పరిశోధనలో చేరినవారికి కంటి జబ్బు అసలు లేదు, లేదా స్వల్పంగా ఉంది. మీ అమ్మగారికి ఒకటి రెండుగా కనిపిస్తోందంటే స్వల్ప దశ దాటినట్టే. ఇలాంటప్పుడు కళ్లు శాంతించేదాకా రేడియో అయోడిన్ జోలికి పోకుండా కార్బిమజోల్‌తోనే థైరాయిడ్‌ను అదుపులో ఉంచడం, లేకపోతే గ్రంథిని శస్త్రచికిత్సతో తీసేయడం మేలని ఎక్కువమంది నిపుణులు అంటారు.

కాబట్టి రేడియో అయోడిన్ తేదీ ఖరారయ్యేలోపే ఎండోక్రైనాలజిస్టు (థైరాయిడ్ లాంటి హార్మోన్ల డాక్టరు) దగ్గరకు వెళ్లి "పైకి చూస్తే రెండుగా కనిపిస్తోంది" అన్న మాటను ఉన్నదున్నట్టు చెప్పండి. చాలామంది రోగులు థైరాయిడ్ డాక్టరుకు కళ్ల గురించి చెప్పరు, కళ్ల డాక్టరుకు థైరాయిడ్ గురించి చెప్పరు. ఈ జబ్బులో ఎక్కువ నష్టం జరిగేది ఆ మధ్య సందులోనే. కంటికి కూడా అద్దాల పరీక్ష చేసే డాక్టరు చాలరు, ఆక్యులోప్లాస్టీ (రెప్పలు, కంటి గూడు జబ్బులు చూసే విభాగం) నిపుణులు కావాలి. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ లాంటి పెద్ద కంటి ఆసుపత్రుల్లో ఈ విభాగం వేరుగా ఉంటుంది.

వాళ్లు ముందు చూసేది జబ్బు రగులుతోందా, చల్లారిందా అని. దానికి 7 గుర్తులున్నాయి: కదపకపోయినా కంటి వెనక నొప్పి, చూపు అటూ ఇటూ తిప్పితే నొప్పి, రెప్పల ఎరుపు, రెప్పల వాపు, తెల్లగుడ్డు ఎరుపు, తెల్లగుడ్డు మీది పొర నీరు పట్టి ఉబ్బడం, ముక్కు వైపు కంటి మూలలోని కండ వాచడం. వీటిలో 3 గానీ అంతకుమించి గానీ ఉంటే జబ్బు రగులుతున్నట్టు లెక్క. అప్పుడే మందులు పనిచేస్తాయి. సాధారణంగా మిథైల్ ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్‌ను సెలైన్‌లో కలిపి వారానికి ఒకసారి ఎక్కిస్తారు. 6 వారాలు 500 మిల్లీగ్రాముల చొప్పున, తర్వాతి 6 వారాలు 250 చొప్పున, మొత్తం 4.5 గ్రాములు. మొదలుపెట్టే ముందు షుగరు, బీపీ, కాలేయం, హెపటైటిస్-బి పరీక్షలు చేయాలి. కాలేయం దెబ్బతినే ప్రమాదం ఉంది కాబట్టి ఒక విడత వైద్యంలో మొత్తం 8 గ్రాములు దాటకూడదు. ఇది మందుల షాపులో స్టెరాయిడ్ మాత్రలు కొని మింగే వ్యవహారం కాదు. కొన్ని రోజులు వాడి హఠాత్తుగా ఆపితే ఉబ్బు మళ్లీ తిరగబెడుతుంది, ఈలోపు షుగరు పెరిగిపోతుంది.

కార్బిమజోల్ గురించి కూడా ఒక మాట. ఆ మాత్ర వాడుతున్నవారికి జ్వరంతో గొంతునొప్పి వస్తే మాత్ర ఆపి, ఆ రోజే తెల్ల రక్తకణాల పరీక్ష చేయించాలి. అరుదుగా ఆ కణాలు ప్రమాదకరంగా పడిపోతాయి. అది ఎవరూ చెప్పకపోయి ఉంటే ఇప్పుడు గుర్తుపెట్టుకోండి.

ఇక మీ అసలు దిగులు: ఇది వంశపారంపర్యమా?

మీ ఇంట్లో తరతరాలుగా దిగుతున్నది కళ్ల జబ్బు కాదు. రోగనిరోధక వ్యవస్థ సొంత థైరాయిడ్ మీదే తిరగబడే ధోరణి ఒకటి దిగుతోంది. మీ అమ్మగారిలో అది థైరాయిడ్‌ను రెచ్చగొట్టింది, మీ అక్కగారిలో బహుశా నెమ్మదిగా అణగదొక్కింది. పైకి చూస్తే ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ. లోపల రెండూ ఒకే చెట్టు కొమ్మలు.

ఈ ధోరణికి కారణం ఒక్క జన్యువు కాదు, చాలా ఉన్నాయి. 6వ క్రోమోజోము మీద హెచ్‌ఎల్‌ఏ అనే గుంపు ఉంది. ఏది మనది, ఏది పరాయిది అని రక్షక కణాలకు చూపించే పని వాటిది. 2వ క్రోమోజోము మీది సీటీఎల్‌ఏ4, 1వ దాని మీది పీటీపీఎన్22 రక్షక కణాలకు బ్రేకుల్లాంటివి. 20వ దాని మీద సీడీ40, 8వ దాని మీద థైరోగ్లోబ్యులిన్ జన్యువు, 14వ దాని మీద టీఎస్‌హెచ్ రిసెప్టర్ జన్యువు ఉన్నాయి. వీటిలో కొన్ని మార్పులు ఉన్నవారికి గ్రేవ్స్ వచ్చే అవకాశం కొంచెం కొంచెంగా పెరుగుతుంది. ఒక్కొక్కటి విడిగా చేసేది తక్కువే. అన్నిటిలోకీ బలమైనదిగా పేరున్న హెచ్‌ఎల్‌ఏ-డీఆర్3 కూడా యూరప్ వారిలో అవకాశాన్ని 3, 4 రెట్లు పెంచుతుంది, అంతే.

కళ్ల దగ్గరికి వచ్చేసరికి లెక్క ఇంకా మారుతుంది. గ్రేవ్స్ వచ్చినవారిలో ఎవరి కళ్లు ఉబ్బుతాయో, ఎవరివి మామూలుగా ఉంటాయో చెప్పగలిగిన జన్యువు ఇంతవరకూ ఒక్కటీ గట్టిగా నిలబడలేదు. ఒక దేశంలో సీటీఎల్‌ఏ4కు సంబంధం ఉందన్నారు, ఇంకో చోట చూస్తే లేదు. థైరాయిడ్ మీద దాడి చేసే ప్రతిరక్షకాలే (రోగనిరోధక వ్యవస్థ తయారుచేసే ప్రోటీన్లు) కళ్ల మీదకీ వెళతాయి కాబట్టి రెండింటి వేరూ ఒకటే. కంటి వెనక కొవ్వులోనూ, కండరాల మధ్య ఉండే కణాల మీదా థైరాయిడ్‌లో ఉన్న టీఎస్‌హెచ్ రిసెప్టరే (టీఎస్‌హెచ్ హార్మోను వచ్చి తగులుకునే చోటు) ఉంటుంది. ప్రతిరక్షకాలు అక్కడ తగులుకుంటే ఆ కణాలు నీటిని పీల్చుకునే జిగురు పదార్థాన్ని తయారుచేస్తాయి, కొవ్వు పెరుగుతుంది, కండరాలు లావెక్కుతాయి. కన్ను ఉన్నది ఎముక గిన్నెలో. వెనక, పక్కల చోటు లేదు. అందుకే గుడ్డు ముందుకు తోసుకొస్తుంది, మిడిగుడ్లలా కనిపిస్తాయి. ఎక్కువగా వాచేది కంటి కింది కండరం. అది బిగుసుకుపోయి గుడ్డును కిందికి లాగిపట్టడం వల్లే మీ అమ్మగారికి పైకి చూసినప్పుడు రెండుగా కనిపిస్తోంది.

"79 శాతం జన్యువుల వల్లే" అన్న అంకె మీ చెవిన పడే ఉంటుంది, లేకపోతే ఎప్పుడో పడుతుంది. దాన్ని చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు కాబట్టి కాస్త విడమరిచి చెబుతాం. అది 2001లో డెన్మార్క్ కవలల మీద చేసిన లెక్క. గ్రేవ్స్ జబ్బు కొందరికి వస్తుంది, కొందరికి రాదు. ఆ తేడాలో జన్యువుల వాటా ఎంత అన్నదే ఆ 79. తల్లికి ఉంటే బిడ్డకు 79 శాతం వస్తుందని కాదు. మీ ప్రాంతంలోని వరి పొలమే చూడండి. అన్ని మళ్లకూ ఒకే నీరు, ఒకే ఎరువు పెడితే దిగుబడిలో తేడా అంతా విత్తనానిదే అనిపిస్తుంది. ఒక మడికి నీళ్లు ఆపేస్తే అదే విత్తనం ఎండిపోతుంది. విత్తనం వాటా ఎంత అన్నది మిగతావి ఎలా ఉన్నాయన్నదాని మీద ఆధారపడుతుంది.

ఆ కవలల లెక్కలోనే మీకు ధైర్యమిచ్చే అంకె ఇంకొకటి ఉంది. జన్యువులు నూటికి నూరుపాళ్లూ ఒకటే అయిన కవలల్లో, ఒకరికి గ్రేవ్స్ ఉంటే రెండోవారికి కూడా వచ్చింది సుమారు 35 శాతం మందికే. అంటే అచ్చు అదే జన్యువులు పెట్టుకుని కూడా ముగ్గురిలో దాదాపు ఇద్దరు తప్పించుకున్నారు. మామూలు కవలల్లో, అంటే తోబుట్టువులకు ఉన్నంత పోలికే ఉన్నవారిలో, అది 3 శాతం దగ్గర ఆగింది. జన్యువులు బలమైనవి, నిజమే. కానీ వాటి మాటే చివరి మాట కాదు.

మీ పరిస్థితికి దగ్గరగా ఉన్న పరిశోధన ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగింది, 2008లో ప్రచురించారు. ఇంట్లో ఇలా రోగనిరోధక వ్యవస్థ తిరగబడి వచ్చే (ఆటోఇమ్యూన్) థైరాయిడ్ జబ్బు ఉండి, తమకు మాత్రం ఏమీ లేని 790 మంది స్త్రీలను 5 ఏళ్లు వెంబడించి చూశారు. 38 మందికి థైరాయిడ్ బాగా తగ్గింది, 13 మందికి పెరిగింది. మిగతావారికి రెండూ స్పష్టంగా రాలేదు. 790లో 13 అన్నది పట్టించుకోవాల్సిన అంకే, భయపడి నిద్ర మానుకోవాల్సిన అంకె మాత్రం కాదు. మీకు రావడానికి అవకాశం ఉన్నది కూడా మీ అక్కగారి రకమే ఎక్కువ, అమ్మగారి రకం తక్కువ. ఒకవేళ గ్రేవ్సే వచ్చినా అందులో పావు వంతు నుంచి మూడో వంతు మందికే కంటి గుర్తులు కనిపిస్తాయి. వాళ్లలోనూ ఎక్కువమందికి స్వల్పంగానే. చూపు మీదకు వచ్చేంత తీవ్రత నూటికి కొద్దిమందికే.

మేనరికం గురించి రాశారు. అందులో తప్పు చేశామన్న బాధ కనిపించింది, కాబట్టి దాన్ని అణాల్లో లెక్కగట్టి చూద్దాం. మీ అమ్మగారి జన్యువులు పదహారణాలు అనుకోండి. వాటిలో ఎనిమిదణాలు మీలో ఉన్నాయి. మామూలుగా మనవరాలికి నాలుగణాలు చేరతాయి. మీ వారు మీ అమ్మగారి అన్నదమ్ముల కొడుకే కాబట్టి ఆయన వైపు నుంచి ఇంకో రెండణాల పోలిక కలుస్తుంది. మొత్తం ఆరణాలు. అంటే మీ పాపకు అమ్మమ్మతో ఉన్న పోలిక మామూలు మనవరాలి కంటే ఎక్కువే, కానీ ఎనిమిదణాలున్న మీకంటే తక్కువే. మేనరికంలో అసలు భయం తల్లిదండ్రులిద్దరి నుంచీ ఒకే చెడ్డ జన్యువు దిగితేనే వచ్చే జబ్బులది. గ్రేవ్స్ ఆ కోవలోది కాదు. పాప విషయంలో మేనరికాన్ని తల్చుకుని మిమ్మల్ని మీరు నిందించుకోవాల్సిన పని లేదు.

జన్యు పరీక్ష వద్దు. ఖచ్చితంగా చెబుతున్నాం, ఈ జబ్బు కోసమైతే ఆ డబ్బు దండగ. హెచ్‌ఎల్‌ఏ-డీఆర్3నే తీసుకోండి. యూరప్‌లో ఏ జబ్బూ లేనివారిలోనే నూటికి 15 నుంచి 30 మందికి అది ఉంటుంది, గ్రేవ్స్ ఉన్నవారిలో సగం మందికి ఉండదు. ఉందని తేలితే అనవసరపు దిగులు, లేదని తేలితే అనవసరపు ధీమా. ఇంకో చిక్కు కూడా ఉంది. ఇలాంటి పరీక్షల లెక్కలు ఎక్కువగా యూరప్ వారి రక్తం మీద కట్టినవి. పీటీపీఎన్22లో వాళ్లు ప్రధానంగా చూసే మార్పు ఆసియా వారిలో చాలా అరుదు. తూర్పు ఆసియాలో గ్రేవ్స్‌తో ముడిపడిన హెచ్‌ఎల్‌ఏ రకాలు వేరు. వాళ్ల కొలబద్దతో మనల్ని కొలిస్తే వచ్చే అంకెకు అర్థం ఉండదు.

డాక్టర్లు కూడా ఇందుకు జన్యువులను వాడరు. కొత్తగా గ్రేవ్స్ వచ్చి, కళ్లు ఇంకా బాగున్నవారిలో ఎవరికి జబ్బు కళ్లకు పాకుతుందో ముందే అంచనా కట్టడానికి యూరప్ నిపుణులు ఒక మార్కుల పట్టీ తయారుచేశారు. అందులో చూసేవి నాలుగే: కంటి వాపు గుర్తులు, రక్తంలో టీఎస్‌హెచ్ రిసెప్టర్ ప్రతిరక్షకాల మోతాదు, థైరాయిడ్ లక్షణాలు మొదలై ఎన్ని నెలలైంది, పొగ తాగుతారా లేదా. వాళ్లు చూసినవారిలో ఏడాదిన్నరలో 15 శాతం మందికి కంటి జబ్బు వచ్చింది, అందులోనూ ఎక్కువమందికి స్వల్పంగానే. ఆ నాలుగింటినీ మళ్లీ చదవండి. వైద్యం ఆలస్యం కాకుండా చూసుకోవడం, పొగ మానడం మన చేతిలో ఉన్నవి. ప్రతిరక్షకాలను కొలవవచ్చు, మందులతో చాలామందిలో తగ్గించవచ్చు. జన్యు పరీక్ష చేతికిచ్చే కాగితంతో ఇలాంటి పని ఒక్కటీ జరగదు.

అందుకే మీ ఇంట్లో అన్నిటికంటే అత్యవసరంగా పట్టించుకోవాల్సింది మీ తమ్ముడిని. అమ్మగారి తర్వాత ఈ ఉత్తరంలో మమ్మల్ని కలవరపెట్టింది ఆ రోజుకో పెట్టె సిగరెట్లే. గ్రేవ్స్ స్త్రీలకే ఎక్కువగా వస్తుంది, కానీ వచ్చిన మగవారిలో కంటి జబ్బు తీవ్రంగా ఉంటుంది. దానికి పొగ తోడైతే ఆజ్యం పోసినట్టే. 1993లో ఆమ్‌స్టర్‌డామ్ వైద్యులు ప్రచురించిన లెక్క ప్రకారం పొగతాగేవారిలో కళ్ల మీదకు రాని గ్రేవ్స్ అవకాశం రెట్టింపుకు కాస్త తక్కువ, కళ్ల మీదకు వచ్చేది మాత్రం 7 రెట్లకు పైన. తర్వాత జర్మనీలో చూసినప్పుడు రోజుకు 1 నుంచి 10 సిగరెట్లు కాల్చే గ్రేవ్స్ రోగుల్లో గుడ్లు ముందుకు రావడం, రెండుగా కనిపించడం లాంటివి కొత్తగా వచ్చే అవకాశం 2 రెట్లకు దగ్గరగా, 11 నుంచి 20 కాల్చేవారిలో 4 రెట్లకు దగ్గరగా, 20 దాటితే 7 రెట్లు ఉన్నట్టు తేలింది. మానేసినవారిలో ఆ పెరుగుదల కనిపించలేదు. ఎంత కాల్చినవారైనా మానితే ప్రయోజనం ఉందని దీని అర్థం. మందు బాగా పనిచేయాలన్నా పొగ ఆగాలి. పొగతాగేవారిలో స్టెరాయిడ్ వైద్యం కూడా అంతంతమాత్రంగానే పనిచేస్తుంది.

ఈ లెక్కలన్నీ సిగరెట్ల మీద కట్టినవి. అలాగని బీడీ, చుట్ట తేలికని ఎవరైనా అంటే నమ్మకండి, కాలేది అదే పొగాకు. ఉత్తరాంధ్ర పల్లెల్లో నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే పెద్దావిడలు మీ బంధువుల్లో ఉంటే, థైరాయిడ్ ఉందని తేలిన రోజున వాళ్లకూ ఇదే మాట చెప్పాలి. ఇంట్లో ఒకరు తాగే పొగ అమ్మగారి కళ్లకూ తగులుతుంది. తమ్ముడు వసారాలో కాల్చినా గదిలోకి రాకుండా ఉండదు. మానడానికి సాయం కావాలంటే 1800-11-2356కు ఫోన్ చేయమనండి, అది పొగాకు మానిపించే జాతీయ సహాయ కేంద్రం, ఉచితం. తమ్ముడికి అమ్మ కళ్లను చూపించి బెదిరించకండి. ఈ అంకెలు చూపించి, మానే తేదీ ఆయన్నే పెట్టుకోమనండి.

మీకు మీరు చేసుకోవాల్సింది చాలా తక్కువ. టీఎస్‌హెచ్ ఎలాగూ చేయించారు. ఒక్కసారి టీపీఓ ప్రతిరక్షకాల పరీక్ష (థైరాయిడ్ మీద తిరగబడే ధోరణిని చూపే రక్తపరీక్ష) కూడా చేయించండి. అవి ఉంటే ఏడాదికోసారి టీఎస్‌హెచ్ చూసుకోవాలి. లేకపోతే లక్షణాలు కనిపించినప్పుడో, గర్భం అనుకున్నప్పుడో, కాన్పు తర్వాతి నెలల్లోనో చూసుకుంటే సరిపోతుంది. కాన్పు తర్వాతి ఏడాది ఈ ధోరణి ఉన్నవారిలో థైరాయిడ్ తరచుగా తప్పుతుంది. టీఎస్‌హెచ్ రిసెప్టర్ ప్రతిరక్షకాల పరీక్ష ఇప్పుడు మీకు అక్కర్లేదు, అది అమ్మగారికి కావాలి. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వేసుకుంటుంటే పరీక్షకు కనీసం 2 రోజుల ముందు ఆపండి. చాలా ల్యాబుల పద్ధతుల్లో బయోటిన్ అడ్డుపడి, ఏ జబ్బూ లేనివారికి అచ్చం గ్రేవ్స్ ఉన్నట్టే రిపోర్టు చూపిస్తుంది. అది చూసి కార్బిమజోల్ మొదలుపెట్టిన సందర్భాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి.

సెలీనియం మాత్రల గురించి ఎవరైనా చెబుతారు. కంటి జబ్బు కొత్తగా, స్వల్పంగా ఉన్నవారికి రోజుకు రెండుసార్లు 100 మైక్రోగ్రాముల చొప్పున 6 నెలలు ఇస్తే మేలు జరిగిందని 2011లో యూరప్‌లో తేల్చారు. అక్కడి ఆహారంలో సెలీనియం తక్కువ. జబ్బు లేని మీకు ముందుజాగ్రత్తగా దాని అవసరం లేదు, మధ్యస్థ దశలో ఉన్న అమ్మగారికి అది ఒక్కటే చాలదు.

పాపకు ఇప్పుడు ఏ పరీక్షా వద్దు. బాగా తింటూ చిక్కిపోవడం, చేతులు వణకడం, కుదురుగా కూర్చోలేకపోవడం, మార్కులు హఠాత్తుగా పడిపోవడం, మెడ ముందు వాపు, లేదా ఎత్తు పెరగడం ఆగి ఒళ్లు రావడం లాంటివి కనిపిస్తే టీఎస్‌హెచ్ చేయించండి. పిల్లల్లో ఈ కంటి జబ్బు వచ్చినా సాధారణంగా స్వల్పంగా ఉండి పోతుంది. ఇంట్లో పొగ లేకుండా చూడటమే పాపకు మీరు చేయగల పెద్ద మేలు. అక్కగారికి మాత్రం ఒక మాట చెప్పండి. థైరాయిడ్ తక్కువ ఉన్నవారిలోనూ కొద్దిమందికి ఇదే కంటి జబ్బు వస్తుంది. ఉదయం రెప్పలు ఉబ్బి, ఇసుక పడ్డట్టు గరగర నెలల తరబడి తగ్గకపోతే అలర్జీ అని చుక్కలు మార్చుకుంటూ కూర్చోవద్దు.

ఇప్పుడు అమ్మగారికి ఇంట్లో చేయాల్సినవి. కన్నీటి చుక్కలు, అంటే కార్బాక్సీ మిథైల్ సెల్యులోజ్ 0.5 శాతంవి, రోజుకు 4 నుంచి 6 సార్లు వేయండి. రాత్రి పడుకునే ముందు కంటి జెల్ గానీ ఆయింట్‌మెంట్ గానీ పెట్టాలి. తల ఎత్తుగా ఉండేలా రెండు దిండ్లు వేస్తే ఉదయం ఉబ్బు తగ్గుతుంది. ఫ్యాను గాలి ముఖానికి తగలకూడదు. ఒక రాత్రి ఆవిడ నిద్రపోయాక మీరు దీపం వెలుతురులో చూడండి. రెప్పలు పూర్తిగా మూతపడకుండా సందులో తెల్లగుడ్డు కనిపిస్తే నల్లగుడ్డు మీది పొర ఎండి పుండు పడే ప్రమాదం ఉంది, మర్నాడే డాక్టరుకు చెప్పాలి. ఎరుపు తగ్గించే చుక్కలు, స్టెరాయిడ్ చుక్కలు షాపులో అడిగి తెచ్చి వేయకండి.

వారానికి ఒకసారి కుంకుమ భరిణెతో ఈ పరీక్ష చేయండి. పగటి వెలుతురులో అమ్మగారికి చదువుకునే కళ్లజోడు పెట్టి, భరిణె మూత తీసి జానెడు దూరంలో పట్టుకోండి. ఒక కన్ను అరచేత్తో మూసి చూడమనండి, తర్వాత రెండో కన్ను. ఆ ఎరుపు రెండు కళ్లకూ ఒకేలా కనిపించాలి. ఒక కంటికి కుంకుమలా, ఇంకో కంటికి వెలిసిపోయిన ఇటుక రంగులా కనిపిస్తే కంటి వెనక వాచిన కండరాలు నరాన్ని నొక్కుతున్నాయేమోనని అనుమానించాలి. అక్షరాలు బాగానే చదవగలుగుతున్నా సరే, రంగు ముందు పోతుంది, చూపు తర్వాత పోతుంది. అలా అనిపించినా, చూపు మసకబారినా వచ్చే వారం అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. వరుసగా 3 రోజులు ఎక్కువ మోతాదు స్టెరాయిడ్ ఎక్కించి చూస్తారు, రెండు వారాల్లో తేరుకోకపోతే ఎముక గిన్నెలో చోటు చేసే ఆపరేషన్ చేస్తారు. సకాలంలో వెళితే చూపు దక్కుతుంది. రెండు కళ్లకూ ఒకేసారి వస్తే తేడా తెలియదు కాబట్టి మీరు కూడా పక్కన కూర్చుని అదే భరిణె చూసి, ఆవిడ చెప్పే రంగుతో పోల్చుకోండి.

ఆసుపత్రికి వెళ్లేటప్పుడు అమ్మగారి పాత ఫోటో ఒకటి తీసుకెళ్లండి, రెండేళ్ల కిందటి పెళ్లి ఫోటో అయినా, ఆధార్ ఫోటో అయినా సరే, ఎదురుగా చూస్తున్నది. మామూలుగా పై రెప్ప నల్లగుడ్డు పై అంచును ఒకటి, రెండు మిల్లీమీటర్లు కప్పి ఉంటుంది. ఇప్పుడు నల్లగుడ్డు పైన తెలుపు కనిపిస్తుంటే రెప్ప ఎంత వెనక్కి పోయిందో డాక్టరుకు ఆ ఫోటో పక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. ఈరోజు నుంచి 15 రోజులకోసారి అదే కిటికీ దగ్గర, అదే వెలుతురులో, ఫోన్ ఆవిడ కళ్ల ఎత్తులో పట్టుకుని ఎదురుగా ఒకటి, పక్క నుంచి ఒకటి ఫోటో తీసి తేదీ రాసి పెట్టుకోండి. సాధారణంగా ఈ జబ్బు 6 నెలల నుంచి రెండు మూడేళ్లు రగిలి, తర్వాత కదలకుండా నిలబడుతుంది. మెల్లకన్ను సరిచేసే ఆపరేషన్, రెప్పల ఆపరేషన్ చేసేది అలా నిలబడ్డాకే. కనీసం ఆరు నెలలుగా మార్పు లేదని చూపించడానికి మీరు తీసిన ఆ ఫోటోలు అప్పుడు అక్కరకొస్తాయి.